ఉన్తీస్ అంటే ఎంత?

ఇప్పుడు తలుచుకుంటే, ఉద్యమం నడిచిన ఆ రోజుల్లో మా సిద్దిపేటలో ఎవరికీ పూర్తిగా పని ఉండేది కాదు, అలాగని ఎవరికీ క్షణం తీరికా ఉండేది కాదు. బస్సులు నడిస్తే బడులు మూసి ఉండేవి, బడులు తెరిస్తే బస్సులు ఆగిపోయేవి. చౌరస్తాలో టెంటు కింద రోజుకొక సంఘం వాళ్లు రిలే నిరాహార దీక్షకు కూర్చునేవాళ్లు. ఇవాళ వకీళ్లు, రేపు ఆటోవాళ్లు, ఎల్లుండి కిరాణా దుకాణాలవాళ్లు. వంట రోడ్డు మీదే, పాట రోడ్డు మీదే. రాష్ట్రం వస్తుందా రాదా అన్న మాట తప్ప టీ హోటల్లో ఇంకో మాట వినపడేది కాదు. లెక్కల్లో డిగ్రీ పట్టా సంపాదించి, రాయాల్సిన పరీక్షలన్నీ వాయిదా మీద వాయిదా పడుతుంటే, నేను ఇంట్లో కూర్చొని బాపు (మా నాన్న) మగ్గం చప్పుడు వింటూ ఉండేవాణ్ని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో మనిషికి తనకేమేం తెలియవో తెలియదు (ఇప్పుడు తెలుసా అంటే, కనీసం అనుమానమైనా ఉంది).

ఒక రోజు బాపు మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు: "పరీక్ష ఎప్పుడు వెడితె అప్పుడు రాద్దువు గని, అందాక గా చాచ దుకాన్ల కూసోరాదు. కొలతలు రాసెటోళ్లు లేక ఆగమైతుండు." చాచా అంటే మా వీధి మలుపులో దర్జీ దుకాణం నడిపే పెద్దాయన. ప్యాంటూ అంగీ కుట్టించుకోవాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. నా మొదటి నిక్కరు కుట్టింది ఆయనే. టేపు పట్టుకొని ఆయన అంకెలు గట్టిగా చెబుతుంటే, పక్కన కూర్చొని ఆయన బిడ్డ బుక్కులో రాసేది. ఆ అక్కకు పెళ్లయి కామారెడ్డి వెళ్లిపోయింది. "రెండు చేతులు టేపు మీదనే ఉంటయి బేటా, రాసెటందుకు మూడో చెయ్యి ఏడికెల్లి తేవాలె" అన్నాడు చాచా నేను వెళ్లగానే. తర్వాత కళ్లద్దాల మీదుగా చూస్తూ అడిగాడు: "ఉర్దూ ఎట్ల, వస్తదా?"

నాకు నవ్వొచ్చింది. ఆ వీధిలో పుట్టి పెరిగినవాణ్ని. గోళీలాడింది ఉర్దూలో, కొట్లాడింది ఉర్దూలో, దెబ్బలు తిన్నది కూడా సగం ఉర్దూలోనే. "అన్నం తినుడు ఎట్లొస్తదో గట్లనే వస్తది చాచా" అన్నాను. ఆయన ఊరికే నమ్మే మనిషి కాదు. పది నిమిషాలు నాతో ఉర్దూలో మాట్లాడాడు. మా బాపు ఆరోగ్యం, మొన్నటి బంద్, ఎదురింటి వాళ్ల మేక వచ్చి ఆయన కొత్త గుడ్డ నమిలిన సంగతి, అన్నీ అడిగాడు. నేను ఆ మేక సంగతికి ఇంకాస్త కలిపి చెబితే లోపల గుండీలు కుడుతున్న చాచీ కిసుక్కున నవ్వింది. "పాస్" అన్నాడు చాచా. ఇంటర్వ్యూ అయిపోయింది. పది నిమిషాల్లో ఆయన ఒక్క అంకె అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు, అడుగుతాడేమోనని నాకూ తోచలేదు.

చాచా తెలుగు మా తెలుగే. ఆయన తెలుగులో తిట్టేవాడు, తెలుగులో బతుకమ్మ పాటలు పాడేవాడు, టెంటు దగ్గర మైకు ఇస్తే తెలుగులో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. కానీ చేతిలోకి టేపు రాగానే నోట్లోంచి ఉర్దూ అంకెలే వచ్చేవి. "నడుము బత్తీస్, పొడుగు చాలీస్, జర నిలవడు సార్, కదులకు, కాలరు సాడే పంద్రా" అని ఒకే ఊపులో చెప్పేవాడు. నాకేమో మేకల సంగతులు ఎన్నయినా వస్తాయి కానీ, అంకెలు మాత్రం ఇరవై దాకానే వచ్చు. ఆ పైన పదుల పేర్లు తెలుసు: తీస్ ముప్పై, చాలీస్ నలభై, పచాస్ యాభై. మధ్యలో ఉన్నవాటిని నేను డిగ్రీ చదివిన బుర్రతో పట్టేశాను. పైంతీస్ అంటే ముప్పై అయిదు, ఛత్తీస్ అంటే ముప్పై ఆరు. అంటే ఏమిటి? ముందు చిన్న అంకె, వెనక పది. తెలుగుకు తిరగేసి రాస్తే చాలు. ఈ సూత్రం కనిపెట్టిన రోజు నా మీద నాకే గౌరవం కలిగింది. ఆ లెక్కన ఉన్తీస్ అంటే? వెనక తీస్ ఉంది కాబట్టి ముప్పై. ముందున్న ఉన్ అంటే ఒకటే అయి ఉండాలి. ఇంగ్లీషు వన్‌లాగే వినపడుతోంది కదా. కాబట్టి ముప్పై ఒకటి. ఉన్తాలీస్ నలభై ఒకటి. ముప్పై ఒకటికి ఇకత్తీస్ అన్న పేరు కూడా చాచా నోట వింటూనే ఉన్నాను. ఒక అంకెకు రెండు పేర్లు ఉండటం నాకు వింతగా అనిపించలేదు. మా వీధిలో ఒక్కొక్క మనిషికే మూడేసి పేర్లుండేవి.

రెండు నెలలు హాయిగా గడిచాయి. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చి "చాచా, ప్యాంటు జర లూజైంది" అనేవాళ్లు. ముప్పై ఏళ్లుగా ఆ మాట వినని చాచా మొదట ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆయనకొక కారణం దొరికింది. "దీక్షలల్ల కూసోని కూసోని జనం బక్కపడుతున్నరు బేటా" అన్నాడు నాతో, నిజంగానే బాధపడుతూ. నాకూ అది సబబుగానే తోచింది (ఒక్కొక్కరూ కూర్చున్నది ఒక్కరోజే, అదీ పొద్దున టిఫిన్ చేసి వచ్చి, అన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు). మా పాత బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైన సారు కూడా కొత్త ప్యాంటు నడుము పట్టుకొని వచ్చాడు. ఆయన్ని చూసి చాచా తల ఆడించి, "సార్, మీరు శాన చిక్కిన్రు. ఒకసారి దవాఖానల చూపెట్టుకోండ్రి" అన్నాడు. సారు ముఖం పాలిపోయింది. ప్యాంటు రెండు చేతులా పట్టుకొని అలాగే దవాఖాన వైపు నడుస్తూ వెళ్లడం నేను చూశాను. నాకు జాలేసింది కూడా.

అప్పుడొచ్చాడు గొంతన్న. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మైకు లేకుండా పాడితే చెరువు అవతలి గట్టుకు వినపడుతుందని ఆ పేరు వచ్చింది. ఉద్యమ పాటలు పాడే బృందానికి ఆయనే పెద్ద. "చాచా, మైదానంల పెద్ద సభ ఉన్నది. పన్నెండు మందిమి ఆడుతం. అందరం ఒక్క తీరుగ కనవడాలె. నల్ల ప్యాంటు, పచ్చ అంగీ" అన్నాడు. చాచా ఛాతీ టేపు లేకుండానే రెండు అంగుళాలు పెరిగింది. దీక్షలో తానూ కూర్చున్నాడు కానీ, తన చేతి పని సభలో అందరి ముందూ నిలవడం అంటే అది వేరే సంగతి. "బేటా, గిది మన దుకాన్ ఇజ్జత్, మన పరువు" అన్నాడు నాతో.

కొలతలు దీక్షా టెంటులోనే తీశాం, ఒక్క గంటలో, డప్పుల మోత మధ్య. చాచా అరుస్తున్నాడు, నేను రాస్తున్నాను. బృందంలో ప్రధాన డప్పు బక్కన్నది. నారాయణరావుపేట మనిషి, పేరుకు తగ్గట్టే సన్నగా, పొట్టిగా ఉంటాడు, డప్పు మెడలో వేసుకుంటే డప్పే పెద్దగా కనిపిస్తుంది. "నడుము ఉన్తీస్, పొడుగు ఉన్తాలీస్" అని చాచా అరిచాడు. నేను ముప్పై ఒకటి, నలభై ఒకటి అని రాసి, చక్కటి గీత గీశాను. బంద్ వల్ల గుడ్డ సభకు రెండు రోజుల ముందుగానీ రాలేదు. చాచా బుక్కు ముందు పెట్టుకొని కత్తిరించాడు, కుట్టాడు. చాచీ కాజాలు కుట్టింది, నేను ఇస్త్రీ చేశాను. వేసి చూసుకోవడానికి ఎవరికీ సమయం లేదు. సభనాడు మధ్యాహ్నం మూటకట్టి మైదానానికి తీసుకెళ్లి ఇచ్చాం.

వేదిక వెనక బక్కన్న ప్యాంటు వేసుకొని కిందికి చూసుకున్నాడు. "తమ్మీ, గిది జర లూజుగ లేదా? కింద గూడ ఊడుస్తుంది" అన్నాడు. చాచా నీళ్లు తాగడానికి వెళ్లాడు. బాధ్యత నా మీద పడింది. నేను దర్జీలాగా తల ఒక పక్కకు వంచి చూసి, "చిక్కినవన్నా, దీక్షల వల్ల గట్లయింది. మడిచి పెట్టుకో, ఆగుతది" అన్నాను. ఆయన నా మాట నమ్మి అంచు మడిచి, నడుముకు ఒక పురికొస కట్టుకున్నాడు. ఆ పురికొస నేనే ఇచ్చాను, మూటకు కట్టినది.

మైదానం నిండిపోయింది. నేనూ చాచా ముందు వరుసలో పెళ్లివారిలా కూర్చున్నాం. మా పక్కనే బక్కన్న మామగారు. అల్లుడు డప్పు కొడతాడంటే అప్పటిదాకా చిన్నచూపు చూసిన మనిషి, ఆ రోజు మొదటిసారి చూడటానికి వచ్చాడట. పాట మొదలైంది. పచ్చ అంగీలు ఒక్కసారిగా ఎగిరాయి. చాచా నా మోకాలు మీద చరిచి "చూసినవా" అన్నాడు. రెండో చరణంలో బక్కన్న ముందుకు దూకాడు. మడత విప్పుకున్న అంచు మీద ఎడమ కాలు వేశాడు, కుడి కాలు ఎత్తాడు. నేను చూస్తూనే ఉన్నాను. పురికొస తెగడం కూడా కనిపించింది. నల్ల ప్యాంటు నిదానంగా, తొందరేమీ లేనట్టు, మోకాళ్లు దాటి పాదాల దగ్గర కుప్పగా కూర్చుంది.

బక్కన్న మెడలో డప్పు, రెండు చేతుల్లోనూ పుల్లలు. ప్యాంటు పైకి లాగాలంటే దరువు ఆగాలి. ఆయన ఆపలేదు. లోపల పొడుగాటి చారల నిక్కరు ఉంది, దేవుడి దయ. ముఖం ఎర్రబడింది కానీ దరువు ఒక్కటి తప్పలేదు. అలాగే నిలబడి చరణం పూర్తి చేశాడు. గొంతన్న తన మెడలోని కండువా తీసి ఆయన నడుముకు చుట్టాడు. అప్పుడు మొదలైంది నవ్వు, మొదట వెనక వరుసల్లో, తర్వాత మైదానం అంతా. మామగారు లేచి వెళ్లిపోయాడు. చాచా చేయి ఇంకా నా మోకాలు మీదే ఉంది, చల్లగా.

మర్నాడు పొద్దున టీ హోటల్లో విన్నది అంతకంటే ఘోరం. ఒకరు అన్నారు: "గది ఉత్తగ అయిందంటవా? రాష్ట్రం వద్దనెటోళ్లు టైలర్‌ను పట్టుకున్నరంట. కావాలనే గట్ల కుట్టిచ్చిన్రంట." ఇంకొకరు తల ఊపారు: "నలుగురి బట్టలు గట్లనే ఉన్నయంట. ఒక్కడిది అంటె పొరపాటు, నలుగురిది ఎట్ల పొరపాటైతది?" గ్లాసు కింద పెట్టి పరుగున దుకాణానికి వచ్చాను. నాకంటే ముందే మాట అక్కడికి చేరింది. చాచా మిషన్ ముందు కూర్చొని ఉన్నాడు. మిషన్ మీద కప్పిన గుడ్డ తీయలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "ముప్పయ్యేండ్ల సంది ఎవ్వని నడుము తప్పలే నేను" అన్నాడు, నాతో కాదు, గోడతో. "టెంటుల నేను గూడ కూసున్న గద బేటా. నన్ను గిట్లంటరా?" నేను ఆయనకు ఒక గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చాను. కానీ తప్పు నాదని అప్పటికీ నాకు తట్టలేదు. ఆయన కత్తెర తప్పిందేమో, పాపం కళ్లు మసకబారాయేమో అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంతలో గొంతన్న వచ్చాడు, వెనక బక్కన్న, ఇంకో ముగ్గురు. వాళ్లలో ఇద్దరికి ప్యాంటు పొడుగైంది, ఒకరికి అంగీ గోనెసంచిలా వేలాడుతోంది. బక్కన్న భుజాన డప్పుతో, నడుముకు ఆ కండువాతోనే ఉన్నాడు. గొంతన్న ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడాడు, అది ఇంకా భయంగా ఉంది. "చాచా, ఊరు ఏమంటుందో నాకు పట్టింపు లేదు. నువ్వు చెప్పు. ఏమైంది?" చాచా లేచాడు. టేపు తీసి బక్కన్న నడుముకు చుట్టాడు. అలవాటు కొద్దీ నేను బుక్కు తెరిచి పెన్ను పట్టుకున్నాను.

"ఉన్తీస్" అన్నాడు చాచా.

రాశాను. చాచా వంగి బుక్కులోకి చూశాడు. కళ్లద్దాలు సర్దుకొని మళ్లీ చూశాడు.

"ఏం రాసినవ్?"

"ముప్పై ఒకటి చాచా."

చాచా టేపును నా ముక్కు దగ్గరికి తెచ్చి, బొటనవేలు పెట్టి చూపించాడు. ఆ వేలి కింద ఇరవై తొమ్మిది ఉంది. నేను టేపు వైపు చూశాను, బుక్కు వైపు చూశాను, మళ్లీ టేపు వైపు చూశాను. చాచా గొంతు సన్నబడింది. "ఉన్తాలీస్?" "నలభై ఒకటి." "ఉన్‌చాస్?" "యాభై ఒకటి." "ఉన్‌సఠ్?" ఆ వరుసలో వెళ్తుంటే జవాబు చెప్పకుండా ఉండలేకపోయాను: "అరవై ఒకటి." చాచా స్టూలు మీద కూలబడ్డాడు. లోపలి నుంచి చాచీ చేతిలో సూదితో బయటికి వచ్చి నన్ను చూసింది, దుకాణంలోకి మళ్లీ మేక దూరినట్టు చూసింది.

బుక్కు అంతా తిరగేశాం. నలుగురి బట్టలు, తప్పిన కొలతలు అయిదు. అయిదూ తొమ్మిదులే, నేను రాసింది అన్నీ ఒకట్లు. నిజంగానే నలభై ఒక్క అంగుళాల పొడుగున్న ఒకాయన ప్యాంటు మాత్రం చక్కగా ఉంది. మిగతా అంకెలు ఒక్కటీ తప్పలేదు. చాచా చేయి తప్పలేదు, కన్ను తప్పలేదు. ఆయన ప్రతిసారీ ఉన్నదే చెప్పాడు, నేను ప్రతిసారీ రెండు కలిపాను, అదీ పూర్తి ఆత్మవిశ్వాసంతో. ఇరవై ఏళ్లుగా ఆ భాషలో నవ్వాను, ఏడ్చాను, అబద్ధాలాడాను. ఆ భాష నాకు రాదని ఎవరైనా అంటే కొట్టేవాణ్ని. అలాంటిది ఇరవై తొమ్మిది రాదు నాకు.

"ఉన్ అంటె ఒకటి తక్కువ బేటా" అంది చాచీ నెమ్మదిగా. "తీస్‌కు ఒకటి తక్కువ. చాలీస్‌కు ఒకటి తక్కువ. గంతే."

మనం ఇరవై దగ్గర నిలబడి తొమ్మిది కలుపుకుంటాం, వీళ్లు ముప్పై దగ్గర నిలబడి ఒకటి తగ్గించుకుంటున్నారు. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి ప్యాంటు మైదానం నడుమ జారిపోయింది. నేను లేచి బక్కన్న ముందు నిలబడ్డాను. "తప్పు నాదన్నా. చాచాది కాదు. నేనే ఊరందరి ముంగట చెప్త" అన్నాను. బక్కన్న తన నడుము తడుముకున్నాడు. "అంటె నేను చిక్కలేదా?" అన్నాడు. లేదన్నాను. "రాత్రి నుంచి మా ఇంటిది ఏడుస్తుంది, నాకేదో రోగమొచ్చిందని" అన్నాడు. అని, నవ్వు ఆపుకోలేక డప్పు కింద పెట్టేశాడు.

అక్కడితో అయిపోయేదే. కానీ గొంతన్న వదల్లేదు. ఆయనకు ఇంకా నమ్మకం కుదరలేదు. "మాట వచ్చినోనికి లెక్క రాదంటె గట్లెట్లయితది చాచా? నువ్వు తెలుగు మాట్లాడుతవ్, లెక్క రాదా? చెప్పు, డెబ్బై తొమ్మిది ఉర్దూల ఎంత?" చాచా నోరు తెరిచాడు. మూశాడు. వేళ్లు మడిచాడు. "డెబ్బై అంటె..." అని చాచీ వైపు చూశాడు. చాచీ సూది వైపు చూసింది. ముప్పై ఏళ్లుగా తెలుగులో మమ్మల్ని నవ్వించిన మనిషి డెబ్బైకీ ఎనభైకీ మధ్య దారి తప్పి నిలబడ్డాడు. ఈసారి నోరెళ్లబెట్టడం మా వంతు. అప్పుడు బక్కన్న ఊరుకోక "అన్నా, నువ్వు మైకు పట్టుకుంటె మన యాస మన భాష అంటవ్ గద. నీ ఫోన్ నంబర్ తెలుగుల చెప్పు చూద్దాం" అన్నాడు. గొంతన్న ధీమాగా మొదలుపెట్టాడు. "నైన్..." అని ఆగాడు. "తొమ్మిది" అన్నాడు. తర్వాత ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు పైకి చూశాడు. మళ్లీ మొదటి నుంచి ఇంగ్లీషులో గొణుక్కొని, ఒక్కొక్కటీ తెలుగులోకి మార్చి, ఆరో అంకె దగ్గర చేతులెత్తేశాడు. ఎవరి నంబరు వాళ్లే ప్రయత్నించాం. ఆరుగురిలో ఒక్కరికీ రాలేదు. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం, ఇంట్లో ఇన్నేళ్లుగా ఒక గది ఉందని తెలియక బతికినవాళ్లలాగా.

ఆ సాయంత్రమే దీక్షా టెంటులో మైకు తీసుకొని జరిగింది చెప్పాను. ఉన్తీస్ దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలాయన వెనక నుంచి "నువ్వు లెక్కల డిగ్రీ గద రా?" అని అడిగాడు. అవునన్నాను. అంతే, ఆ నవ్వులో మిగిలిన అనుమానమంతా కొట్టుకుపోయింది. చాచా పక్కనే నిలబడి ఉన్నాడు. నవ్వినవాళ్లలో ఆయనా ఉన్నాడు. నలుగురి బట్టల కుట్లూ విప్పి మళ్లీ కుట్టాడు. తర్వాతి సభలో బక్కన్న మామగారు మళ్లీ వచ్చాడని, ముందే అల్లుడి నడుము లాగి చూసి కూర్చున్నాడని చెప్పుకున్నారు. ఇక మిగిలింది డ్రిల్లు సారు. ఆయన ఇంటికి వెళ్లి, "సార్, మీకే రోగం లేదు, తప్పు నాది, ప్యాంటు ఇయ్యండ్రి, సరిచేస్తం" అన్నాను. సారు భార్య బల్ల మీద మూడు ఉడకబెట్టిన గుడ్లు పెట్టి ఉంచింది. సారు లేచి నిలబడి, వేసుకున్న ఆ ప్యాంటు నడుములో వేలు దూర్చబోయాడు. దూరలేదు. ఇన్ని రోజుల గుడ్లు, నెయ్యి, విశ్రాంతి కలిసి ఆ రెండు అంగుళాలూ నింపేశాయి. "దవాఖాన పరీక్షలల్ల ఏం రాలేదు గని, గీమె నమ్మలే" అన్నాడాయన. ఆయన ముఖం చూసి నాకు నవ్వాలో కాళ్ల మీద పడాలో తెలియలేదు.

చాచా నన్ను పంపేయలేదు. చాచీ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, గుండీల డబ్బా బోర్లించి, ఒకటి నుంచి వంద దాకా ఉర్దూలో లెక్కపెట్టించింది. చాచా మిషన్ తొక్కుతూ వినేవాడు, నేను తప్పితే తొక్కడం ఆపేవాడు. బదులుగా ఆయనకు నేను తెలుగు నేర్పాను. నేను రెండు వారాల్లో నేర్చుకున్నాను కానీ, చాచాకు ఎనభై, తొంభై చివరిదాకా కలిసిపోతూనే ఉండేవి. "ఎందుకు బేటా, అంత నడుమున్నోడు మన దగ్గరికి రాడు" అని తేల్చేశాడు.

రాష్ట్రం వచ్చింది. పరీక్షలు కూడా వచ్చాయి. చాచా ఇప్పుడు లేడు. నేను మిరుదొడ్డి వైపు ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతున్నాను, జుట్టు పలచబడింది. మొన్న ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచాను. వాళ్ల అమ్మానాన్నలు మహారాష్ట్రలో భివండీ మగ్గాల మీద పనిచేసి ఈ మధ్యే తిరిగి వచ్చారు. ఇరవై ఏడు, ఇరవై రెండు కలపమన్నాను. ఆ పిల్ల చాక్‌పీస్ పట్టుకొని నిలబడి పెదాలు కదుపుతోంది. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. వాళ్లను ఆపి, దగ్గరికి వెళ్లి "ఏ భాషల లెక్కపెడుతున్నవ్ బిడ్డా?" అని అడిగాను. "మరాఠీ సార్" అంది భయంగా. "మంచిగనే ఉన్నది. పెట్టు" అని పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి ఆమె పెదాల మీద "ఏకోణ్‌పన్నాస్" అన్న మాట వినపడింది. పన్నాస్ అంటే యాభై అని నాకు తెలుసు, ముందు ఏక్ ఉండనే ఉంది. నా బుర్ర వెంటనే, ఏ మాత్రం సిగ్గు లేకుండా, యాభై ఒకటి అని చెప్పింది. ఆ పిల్ల బోర్డు మీద గుండ్రటి అంకెలతో నలభై తొమ్మిది వేసి, సరేనా అన్నట్టు నా వైపు తిరిగింది. నేను సరే అని తలూపి, నవ్వు కనిపించకుండా కిటికీ వైపు తిరిగాను.